ఏడు నిమిషాల కాపురం

"రాశానంటుంటే వినరేం? నా చేత్తో రాశాను. ఒంటిగంటా పావుకి అయిదు మిల్లీలీటర్లు ఇచ్చానని రాశాను."

"రాస్తే కనపడాలి కదా. చూపించు."

మా ఆయన పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేశాడు. నీలిరంగు అట్ట, బుధవారం పేజీ. పొద్దున ఎనిమిదింటి మోతాదు ఉంది. 'దగ్గు తగ్గలేదు, బడికి పంపలేదు' అని ఉంది. 'గ్యాసు బండ చెప్పాలి' అని ఉంది. దాని కింద అంతా ఖాళీ.

పేజీ ముందుకి తిప్పాను, వెనక్కి తిప్పాను. కుట్టు దగ్గర ఏమైనా చిరిగిందేమోనని వేలు పెట్టి కూడా చూశాను.

"నేను చింపేశానంటావా?"

"నేనలా అనలేదు."

"నీ వేలు అంటోంది."

పక్కగదిలో పిచ్చుక పడుకుని ఉంది. మా ఏడేళ్ల కూతురు. నిద్దట్లో కూడా మంచం ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లే పిల్ల, ఇప్పుడు కదలకుండా ఒకే పక్కకి తిరిగి ఉంది. మధ్యాహ్నం నేను డ్యూటీకి బయల్దేరే ముందు దగ్గుమందు తాగించాను. ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి, పుస్తకం చూసి, మందు పట్టినట్టు లేదని మళ్లీ తాగించాడు. గంటన్నరలో రెండు మోతాదులు. అయిదింటికి ఎంత లేపినా పిల్ల కళ్లు విప్పకపోతే నాకు ఫోన్ చేశాడు. నేను పర్మిషన్ పెట్టి పరుగెత్తుకొచ్చాను.

వీధి చివరి డాక్టరమ్మ ఇప్పుడే చూసి వెళ్లింది. "భయం లేదు. మత్తు దిగితే తనే లేస్తుంది. డాక్టరు చెప్పేదాకా ఇంకేమీ పట్టకండి, అంటే నేను చెప్పేదాకా" అంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగి, "ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురున్నారు కదండీ" అని ఒక్క మాట అనేసి వెళ్లిపోయింది. నా చెవులు ఇంకా మండుతున్నాయి.

"ఆ ముగ్గురిలో నన్ను కలపకండి" అంది మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి. "నువ్వు మందు పట్టడం నేను చూశాను. తర్వాత వీడు పట్టడమూ చూశాను."

"చూసి కూడా చెప్పలేదా అమ్మా?"

"ఎందుకు చెబుతానురా? మందుల విషయంలో మీరు కలగజేసుకోకండి అత్తయ్యా, అన్నీ పుస్తకంలో ఉంటాయి అని మీ ఆవిడే అంది. రెండుసార్లు పట్టమని పుస్తకంలో ఉందేమో అనుకున్నాను. ఇల్లయితే నోటితో చెప్పుకుంటారు. ఇది ఇల్లా, కార్ఖానానా?"

కలగజేసుకోకండన్నది నేనే. పోయిన నెల కళ్లలో వేసే చుక్కలు ఆవిడ చెవిలో వేసుకున్నప్పుడు అన్నాను. ఇప్పుడు ఏమని దులుపుకుంటాను?

నిజానికి ఇది కార్ఖానాయే. నాలుగున్నరేళ్లుగా అంతే. ఊరికి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో ఆయన పంపు ఆపరేటరు. నేను ల్యాబులో నీళ్లు పరీక్ష చేసే మనిషిని. ప్లాంటులో షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి అన్నీ రాసి అప్పగించే పుస్తకం ఒకటుంటుంది. అలాంటిదే ఇంకొకటి స్టోరులో అడిగి తెచ్చి ఇంట్లో పెట్టాను. వేరే దారి లేకపోయింది.

పదిహేడో నిబంధన ప్రకారం భార్యాభర్తలకి ఒకే షిఫ్టు వేయకూడదు. ఆయన పొద్దుటి షిఫ్టయితే నాకు మధ్యాహ్నం. నాకు పొద్దుటిదయితే ఆయనకి రాత్రి. వారపు సెలవులు కూడా చెరో రోజు. ఒకరు మెలకువగా ఉంటే ఇంకొకరు నిద్రలోనో డ్యూటీలోనో ఉంటాం. ఇద్దరం కళ్లు తెరిచి ఎదురుపడేది ప్లాంటు గేటు దగ్గర, షిఫ్టు మారేటప్పుడు. దిగేవాళ్లని ఏడు నిమిషాల ముందు బయటికి వదులుతారు. ఎక్కేవాళ్లు సైరన్ మోగేసరికి లోపలుండాలి. ఆ ఏడు నిమిషాల్లోనే పుస్తకం, తాళంచెవి, కాపురం.

పోట్లాటలూ వాయిదాల మీదే నడుస్తాయి. సోమవారం మొదలైంది బుధవారానికి ఒక కొలిక్కి వస్తుంది. "నిన్న నేనెక్కడ ఆపాను?" అని అడిగి మరీ అందుకుంటాం.

"పోనీ, ఇవాళ గేటు దగ్గర నోటితో చెప్పొచ్చుగా?" అన్నాడాయన. "మందు పట్టానండీ. రెండే రెండు మాటలు."

"చెప్పనిచ్చారా? వచ్చీరాగానే 'నీకొకటి చెప్పాలి' అన్నారు. అని, గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఏడు నిమిషాల్లో ఆరు నిమిషాలు మీరు నిలబడ్డానికే సరిపోయాయి. ఏడో నిమిషంలో నేను ఏమిటో చెప్పి చావండి అని అరిచాను. సైరన్ మోగింది. ఇక మందు సంగతి ఎప్పుడు చెప్పను?"

ఆయన నా ఒళ్లోంచి పుస్తకం తీసి మా మధ్యలో పెట్టాడు.

"ఏం చెప్పాలనుకున్నారో ఇప్పుడు చెప్పండి. ఇప్పుడు సైరన్ లేదుగా."

"ఇప్పుడు కాదు."

"బదిలీ సంగతేనా?"

"ఇప్పుడు కాదన్నానా!"

పది రోజుల్నుంచి ఆయన చొక్కాజేబులో ఒక దరఖాస్తు తిరుగుతోంది. ఎగువ రిజర్వాయరుకి బదిలీ చేయమని. ఇక్కడి నుంచి ఒక రోజంతా ప్రయాణం. అక్కడ నెలంతా ఒంటరిగా కాపలా కాస్తే, చివర నాలుగు రోజులు వరసగా సెలవిస్తారట. "ఆ నాలుగు రోజులూ ఇంట్లో మనిషిలా మెలకువగా ఉంటాను" అన్నాడు. "మిగతా ఇరవై ఆరు రోజులో?" అన్నాను. "ఇప్పుడున్నట్టే" అన్నాడు.

గురువారం దాకా ఆగమని బతిమాలాను. మూడేళ్లలో పదకొండు దరఖాస్తులు పెట్టాక, పదిహేడో నిబంధన మీద నా మాట వింటామని ఇన్నాళ్లకి పిలిచారు. నిబంధన మారితే ఆయన వెళ్లడు. మారకపోతే వెళ్తాడు. అదీ మా ఒప్పందం. రేపే గురువారం.

"ఒప్పందం గుర్తుందా?" అన్నాను.

"నాకు గుర్తుండకేం? పుస్తకంలో రాశావుగా, ఎర్ర సిరాతో."

"రాయకపోతే మీకు ఏదీ తలకెక్కదు కనక రాశాను."

"రాసిందే కదా ఇవాళ కనపడనిది!"

మాట మీద మాట పెరిగింది. ఆయన కంఠం లేచింది, నాది అంతకంటే లేచింది. పిల్ల లేస్తే బాగుండునని ఇంకాస్త గట్టిగానే అరిచాననుకుంటాను. ఒక చోట ఇద్దరం ఒక్కసారే ఆగిపోయాం. ఆయన గోడగడియారం వైపు చూశాడు. నేనూ చూశాను.

ఏడు నిమిషాలైంది.

సైరన్ లేదు. ఎవరూ ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు. ఆయన కుర్చీలో, నేను మంచం మీద, మధ్యలో నీలి పుస్తకం. తర్వాత ఏమనాలో ఇద్దరికీ తోచలేదు. కొత్తగా పరిచయమైనవాళ్లలా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. నాకు సిగ్గేసింది. సొంత మొగుడి ముందు సిగ్గేమిటని చిరాకూ వేసింది.

"అదేంటర్రా, ఆపేశారు?" అంది అత్తగారు. "కానివ్వండి. ఇంట్లో మొగుడూపెళ్లాల పోట్లాట విని ఎన్నాళ్లయిందో. సంసారంలా ఉంది."

అప్పుడు నా ఫోన్ మోగింది. నా బదులు ల్యాబులో డ్యూటీ ఎక్కిన పెద్దాయన.

"అమ్మా, పాపకెలా ఉంది?"

"నిద్రపోతోందండీ. ప్రమాదం లేదన్నారు."

"హమ్మయ్య. ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇవాళ మన నీళ్లకి గానీ దగ్గొచ్చిందా?"

"ఏంటండీ?"

"రెండూ అయిదుకి పుస్తకంలో రాశావు. నేను కళ్లారా చదివాను, విను. 'దగ్గుమందు అయిదు మిల్లీలీటర్లు ఇచ్చాను. మూత గట్టిగా పెట్టండి, చీమలు పడుతున్నాయి.' క్లోరిన్ కింద రాశావు."

గుర్తొచ్చింది. గేటు దగ్గర గొడవపడి, ఆ విసురుతోనే లోపలికెళ్లి బల్ల ముందు కూర్చున్నాను. అయ్యో, మందు సంగతి రాయలేదే అనుకున్నాను. ముందర నీలి అట్ట పుస్తకం ఉంది. అవే గళ్లు. అదే పెన్ను. రాసేశాను. రాసేసి, హమ్మయ్య అని కూడా అనుకున్నాను.

"ఎవరికీ చెప్పకండి, రేపొచ్చి సరిచేస్తాను" అన్నాను.

"చెప్పడానికేముందమ్మా, సాయంత్రం పెద్దింజనీరుగారు తనిఖీకి వచ్చి తనే చూశారు. పుస్తకం పట్టుకెళ్లిపోయారు."

ఫోన్ పెట్టేసి జరిగింది చెప్పాను. ఆయన మీసం కింద పెదవి వణికింది.

"నవ్వకండి."

"నవ్వట్లేదు." మీసం సవరించుకుని, "చీమలు పడుతున్నాయా?" అన్నాడు.

"పడుతున్నాయి."

"నేను మూత గట్టిగానే పెడుతున్నానే."

"పెట్టట్లేదు."

"రేపు ఆ పుస్తకం వాళ్ల ముందుంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని నిబంధన మార్చమని అడుగుతావా నువ్వు? గోరుచుట్టు మీద రోకటిపోటు. మెమో ఇస్తారు."

"ఇస్తే ఇవ్వనీ. అడుగుతాను."

ఆయన చెయ్యి అలవాటుగా చొక్కాజేబు మీదకి వెళ్లింది. జేబు ఖాళీగా ఉంది. చొక్కా మార్చాడు కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

పిచ్చుక ఏడింటికి లేచింది. లేవగానే ఆకలన్నది. మా ఇద్దర్నీ ఒకే గదిలో చూసి, "ఇవాళ ఎవరు సెలవు?" అని అడిగింది.

---

గురువారం పదకొండింటికి రమ్మన్నారు. పన్నెండుంబావు దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. మూడేళ్లు ఆగినదాన్ని గంటంబావు ఆగలేనా అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, లోపల మాత్రం కుతకుత ఉడికిపోతున్నాను. రెండింటికి నా షిఫ్టు.

లోపల పెద్దింజనీరు, పక్కన సిబ్బంది వ్యవహారాలు చూసే మేడమ్. గోడవారగా చేతులు కట్టుకుని, నిన్న నా షిఫ్టులో ఉన్న పంపు ఆపరేటరు. ప్లాంటులో అతన్ని అందరూ కునుకు అంటారు. నిలబడి కూడా నిద్రపోగలడు, అంతటి నేర్పరి. బల్ల మీద ఒకవైపు నా పదకొండు దరఖాస్తుల ఫైలు, ఒకవైపు నీలి పుస్తకం.

"కూర్చోండమ్మా" అన్నాడు పెద్దింజనీరు. "పదిహేడో నిబంధన ఎందుకు పెట్టామో తెలుసా?"

"తెలుసండీ."

తెలుసన్నా చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"నీళ్లలో క్లోరిన్ ఎంత వేశారో మీరు రాస్తారు. పంపు ఆపరేటరు సరిచూసి పక్కన సంతకం పెడతాడు. రాసేది పెళ్లాం, సరిచూసేది మొగుడు అయితే ఒకరి తప్పు ఒకరు కప్పుకోరా? కంచే చేను మేస్తే ఊళ్లో వాళ్లు ఎవర్ని నమ్మి నీళ్లు తాగాలి?"

"భయం న్యాయమైనదేనండీ. నేను కాదనలేదు. సంతకం మూడో మనిషి పెట్టొచ్చు కదా అంటున్నాను."

"అది తర్వాత. ముందు దీని సంగతి చూద్దాం." పుస్తకం నా వైపు తిప్పాడు. "ఇదేమిటి? దగ్గుమందు. చీమలు. ఊరంతా తాగే నీళ్ల లెక్క ఇది. మీ ఇంటి గోడు రాసుకునే పుస్తకం కాదు. ఇలాంటి మనిషి మాట విని నిబంధనలు మార్చాలా?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవకూడదని పంటి కింద పెదవి బిగపట్టాను. తప్పు నాదే. నాలుగున్నరేళ్లలో ఒక్క అంకె పొరపాటు లేకుండా రాసిన చెయ్యి, ఇవాళ్టి కోసమే దాచుకున్నట్టు నిన్న తప్పు చేసింది. తలవంచి ఆ పేజీ చూశాను. నా అక్షరాలు. దగ్గుమందు. చీమలు. ఆ పక్క గడి.

పక్క గడిలో ఒక సంతకం ఉంది.

"ఇది ఎవరి సంతకమండీ?" అన్నాను.

గోడవారగా కునుకు ఒక్కసారి మేలుకున్నాడు.

"నాదే" అన్నాడు.

"సరిచూసినట్టేనా?" అంది మేడమ్.

"చూసే పెట్టానండీ."

"చూస్తే దగ్గుమందు అని కనపడలేదా?"

"అయిదు అని కనపడిందండీ. అయిదంటే మామూలే కదా అనుకున్నాను."

అతని మీద జాలేసింది. చెడ్డవాడు కాదు, చదవనివాడు. కానీ వెనక్కి తగ్గితే మా ఇల్లు రెండు చోట్ల పడుతుంది. ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క రిజర్వాయరు దగ్గర.

"సార్, ఈయన నా మొగుడు కాదు" అన్నాను. "నాకు చుట్టం కాదు, పక్కం కాదు. నిబంధన ప్రకారం సరిగ్గా సరిపోయే మనిషి. దగ్గుమందు పక్కన సంతకం పెట్టాడు. మా ఆయనయితే పెట్టేవాడు కాదు. నేను రాసిందాంట్లో ఎక్కడ తప్పు దొరుకుతుందా అని కళ్లల్లో వత్తులు వేసుకుని చదువుతాడు. 'చీమలు' అని రాస్తే, నేను మూత గట్టిగానే పెడుతున్నానే అని నిన్న నాతో వాదానికి దిగాడు. మొగుడూపెళ్లాలు ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటారని మీకెవరు చెప్పారండీ? మీకు పెళ్లయిందా?"

చివరి మాట ఎలా వచ్చేసిందో నాకే తెలీదు. మేడమ్ తల దించుకుని ఫైలు తిరగేయడం మొదలుపెట్టింది. ఆవిడ భుజాలు కదిలాయి.

"అయింది" అన్నాడు పెద్దింజనీరు, కొంచెం అయిష్టంగా.

"నేనూ మా ఆయనా ఒకరి లెక్క ఒకరం చూసుకోనక్కర్లేదండీ. నాది ఫిల్టరు గది ఆపరేటరు సరిచూస్తాడు. అతను క్లోరిన్ మీటరు దగ్గరికి రోజూ వచ్చే మనిషే. మా ఆయనది షిఫ్టు సూపర్‌వైజరు చూస్తాడు. మీ భయమూ తీరుతుంది, మా ఇల్లూ నిలబడుతుంది. ఒంట్లో ఓపిక లేకుండా, ఇంటి సంగతి ఎక్కడ, డ్యూటీ సంగతి ఎక్కడ రాస్తున్నామో తెలీకుండా బతికితే ఇలాంటి తప్పులే వస్తాయి. నిన్న పుస్తకంలో దగ్గుమందు పడింది. పుస్తకంలో పడబట్టి సరిపోయింది."

"ఇది బాగానే ఉందే" అంది మేడమ్. "ఇన్నాళ్లూ ఇలా అడగలేదేం?"

నాకు ఒళ్లు మండింది. "రెండో దరఖాస్తులో రాశాను మేడమ్. నాలుగో పేరా. ఆరో దాంట్లో మళ్లీ రాశాను. తొమ్మిదో దాంట్లో బొమ్మ గీసి చూపించాను."

ఆవిడ వెతికి తీసింది. నాలుగో పేరా మీద వేలు పెట్టింది. తర్వాత ఆ వేలు కాగితం అడుక్కి దిగింది. ఏమీ అనకుండా దాన్ని పెద్దింజనీరు ముందుకి జరిపింది.

అడుగున 'చూశాను' అని ఉంది. కింద పెద్దింజనీరుగారి సంతకం.

పెద్దింజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గోడవారగా కునుకు మొహంలో మొదటిసారి వెలుగు కనపడింది.

"మెమో మెమోనే" అన్నాడు పెద్దింజనీరు చివరికి. "ఇద్దరికీ ఇస్తాను. దగ్గుమందుకి మీకు, సంతకానికి అతనికి."

"నిబంధన సంగతి, సార్?"

ఆయన మేడమ్ వైపు చూశాడు. "మూడు నెలలు పరీక్షగా చూద్దాం" అంది మేడమ్. "కానీ వచ్చే నెల డ్యూటీ చార్టు ఇవాళే ఖాయం చేస్తాం. మాకు ఒకే షిఫ్టు కావాలని మీరిద్దరూ కలిసి రాసివ్వాలి. ఇద్దరి సంతకాలూ ఉండాలి. అయిదింటికి నేను వెళ్లిపోతాను. ఒక్కరి సంతకమే ఉందనుకోండి, ఇది మీ పన్నెండో దరఖాస్తు అవుతుంది. ఫైల్లో పెట్టేస్తాను."

---

గేటు దగ్గరికి ఎలా వచ్చానో గుర్తులేదు. దరఖాస్తు అక్కడే బెంచీ మీద కూర్చుని రాసేశాను. నా సంతకం పెట్టేశాను. ఒంటిగంటా యాభైమూడుకి ఆయన సైకిలు తోసుకుంటూ బయటికొచ్చాడు.

"గెలిచాం!" అన్నాను.

"మెమో ఇవ్వలేదా?"

"ఇచ్చారు. అదీ ఇచ్చారు, ఇదీ ఇచ్చారు. మూడు నెలలు ఒకే షిఫ్టు. వచ్చే నెల నుంచే. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి. అయిదింటిలోగా మేడమ్ చేతికివ్వాలి. ఇదిగో పెన్ను."

ఆయన సైకిలు స్టాండు వేశాడు. కాగితం తీసుకుని చదివాడు. పైనుంచి కింద దాకా చదివాడు. వెనక్కి తిప్పి ఖాళీ వైపు కూడా చూశాడు.

"మా ఆయన ప్రతి అక్షరం చదువుతాడని లోపల గొప్పగా చెప్పొచ్చాను. మరీ ఇంతలా చదవక్కర్లేదు. పెట్టండి."

"నేను మంగళవారమే ఇచ్చేశాను."

"ఏది?"

"బదిలీ దరఖాస్తు. ఆఫీసులో ఇచ్చేశాను. నిన్న నీకు చెబుదామనే నిలబడ్డాను. నోరు పెగల్లేదు."

గేటు పక్క వాచ్‌మన్ గడియారం ఒంటిగంటా యాభైఅయిదు చూపిస్తోంది.

"గురువారం దాకా ఆగుతానన్నారు."

"అన్నాను."

"నేను ఓడిపోతాననుకున్నారా? అంత నమ్మకం లేదా నా మీద?"

"ఓడిపోతావనుకుంటే ఆగేవాణ్ణి" అన్నాడు. "గెలుస్తావేమోనని భయమేసి ఇచ్చాను."

మాట అర్థమయ్యేసరికి ఒక నిమిషం పోయింది. మాకున్నవే ఏడు.

"నిన్న చూశావుగా" అన్నాడు, కాగితం వైపే చూస్తూ. "ఏడు నిమిషాలు కాగానే ఇద్దరం గడియారం చూశాం. ఆ తర్వాత నీతో ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. నీకూ తోచలేదు. రిజర్వాయరు దగ్గరైతే నెలకి నాలుగు రోజులు. నెలంతా కూడబెడితే నాలుగు రోజులకి సరిపడా మాటలు దొరుకుతాయి. రోజూ అంటే... పొద్దున్నా నువ్వే, సాయంత్రమూ నువ్వే. నన్ను చూసి, ఇంతేనా ఈ మనిషి, ఇతని కోసమా మూడేళ్లు తిరిగాను అనుకుంటావేమో."

"అనుకుంటాను! ఇప్పుడే అనుకుంటున్నాను!" అన్నాను. "మూడేళ్లు! పదకొండు కాగితాలు! బొమ్మ కూడా గీశాను! మాటలు లేకపోతే నోరు మూసుకుని కూర్చోవచ్చు కదండీ! ఎదురుగా కూర్చుని ఊరుకోవచ్చు కదా! ఊళ్లో మొగుళ్లంతా రోజూ కబుర్లు చెబుతున్నారనుకున్నారా? మాటలు కావాలని ఎవరడిగారు మిమ్మల్ని?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు.

"అమ్మా, సైరన్ టైమయింది" అన్నాడు వాచ్‌మన్. మొహం అటు తిప్పుకునే అన్నాడు పాపం.

నేను ఇంటి పుస్తకం సంచిలోంచి తీశాను. కాగితం అందులో పెట్టి, మీద పెన్ను పెట్టి, తాళంచెవితో సహా ఆయన చేతుల్లో కుక్కాను.

"పిల్ల బాగుంది. మందు పట్టలేదు, మీరూ పట్టకండి. పొద్దున కుర్చీ ఎక్కి దూకి కాలు విరగ్గొట్టింది, కుర్చీది. మేడమ్ అయిదింటికి వెళ్లిపోతుంది."

సైరన్ మోగింది. వెనక్కి చూడకుండా లోపలికి నడిచాను.

ల్యాబులో బల్ల ముందు కూర్చుని నీలి పుస్తకం తెరిచాను. నీళ్లు పట్టాను, రంగు చూశాను, అంకె వేశాను. వేసింది అంకేనా అని రెండుసార్లు చూసుకున్నాను. కునుకు వచ్చి నిలబడ్డాడు. మెమో దెబ్బకి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతున్నాడు.

"అమ్మా, ఇది సున్నానా, ఆరా?"

"సున్నా."

"కొంచెం ఆరులా ఉంది."

"సున్నానే బాబూ, పెట్టు సంతకం."

"ఆగమ్మా, పూర్తిగా చదవనీ."

అతను చదువుతున్నంతసేపూ నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడి నుంచి గేటు కనపడుతుంది. సైరన్ మోగాక ఆయన ఒక్క నిమిషం కూడా అక్కడ నిలబడ్డ రోజు లేదు. నాలుగున్నరేళ్లలో ఒక్కసారీ లేదు.

ఇవాళ ఉన్నాడు. రేకుల షెడ్డు కింద, సైకిలు సీటు మీద పుస్తకం పరుచుకుని, వంగి రాస్తున్నాడు. వాచ్‌మన్ ఏదో అడిగితే చెయ్యి అడ్డంగా ఊపి మళ్లీ రాస్తున్నాడు. పేజీ తిప్పాడు.

గోడగడియారం చూశాను. రెండూ పది.

సంతకం పెట్టడానికి అంతసేపు పట్టదు.